రిపోర్టరు కట్టిన ఊరు, రైతు ఇచ్చిన నేల

ఈ వారం లేఖ న్యూఢిల్లీ నుంచి కాక ఛత్తీస్‌గఢ్ కొత్త రాజధాని నయా రాయపూర్ నుంచి వ్రాస్తున్నాను. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినప్పుడు పాత రాయపూరే రాజధాని అయింది. ఆ ఇరుకు పట్టణంలో సచివాలయానికీ, శాసనసభకూ, అధికారుల నివాసాలకూ చోటు చాలదని భావించి, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన వరి పొలాల నడుమ మరొక నగరాన్ని నిర్మించ సంకల్పించారు. 41 గ్రామాలు, సుమారు 237 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 2031 నాటికి ఐదున్నర లక్షల జనాభా అన్నది ప్రణాళిక. 2012 నవంబరులో సచివాలయం మహానది భవన్‌కు తరలి వచ్చింది. 2018లో మాజీ ప్రధాని వాజపేయి మరణానంతరం ఆయన పేరు కూడా చేరి, ఇప్పుడు అధికారికంగా ఇది నవా రాయపూర్ అటల్ నగర్. 2025 నవంబరు 1న కొత్త శాసనసభా భవన ప్రారంభోత్సవం కూడా జరిగింది.

రోడ్లు చూస్తే కన్నుల పండువుగా ఉన్నాయి. ఆరు వరుసల వాహనాలు ఏకకాలంలో పోగల వెడల్పు, రెండు పక్కలా చెట్లు, దీపస్తంభాలు, భూగర్భంలో మురుగు కాలువలు, నీటి గొట్టాలు. వీటి మీద తిరిగే జనం మాత్రం ఇంకా ప్రణాళికలో వ్రాసుకున్నంతగా రాలేదు. సాయంత్రం ఆఫీసులు వదలగానే ఉద్యోగుల బస్సులు పాత రాయపూర్ దారి పడతాయి. ఇదిలా ఉండగా, 2022 జనవరిలో ఇక్కడి 27 గ్రామాల రైతులు నగరాభివృద్ధి సంస్థ కార్యాలయం ఎదుట బైఠాయించి నెలల తరబడి ఆందోళన సాగించారు. భూములు ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన ఇంటి స్థలాలు కావాలి, ఉపాధి కావాలి, పెరిగిన విలువలో తమకూ పాలు కావాలి అన్నవి వారి కోర్కెలలో ముఖ్యమైనవి. కొన్నింటిని ప్రభుత్వం అంగీకరించింది.

కొత్త నగరానికి రోడ్డు, నీరు, మురుగు కాలువ, బడి, ఆసుపత్రి అవసరం. వీటి ఖర్చు ఎవరు భరించాలి? బస్తర్ అడవుల్లో ఉండి ఈ నగరాన్ని ఎన్నడూ చూడబోని పౌరుడు చెల్లించే పన్నులతోనా? రేపు ఇక్కడ ఇల్లు కొనుక్కోబోయే గుమాస్తా వద్ద అభివృద్ధి రుసుము వసూలు చేసా? చౌకగా భూమి వదులుకున్న రైతు నష్టం మీదనా? లేక రోడ్డు వస్తున్నదని ముందే పసిగట్టి, సరిహద్దుకు ఆవల పది ఎకరాలు కొని కూర్చున్న వ్యాపారి లాభం మీదనా? ఈ ప్రశ్నకు నూట పాతికేళ్లకు పూర్వమే ఒక సామాన్యుడు లెక్కలు కట్టి సమాధానం చెప్పాడు. చెప్పి ఊరుకోక రెండు ఊళ్లు కట్టి చూపించాడు. ఆయన పేరు ఎబనీజర్ హోవర్డ్. నగర నిర్మాణ శాస్త్రం చదివినవారంతా ఆయన పేరు ఎరుగుదురు. అయితే ఉద్యాన నగరాల పితామహుడుగా, అంటే చెట్లూ పూలతోటలూ కోరిన సాధువుగా మాత్రమే ఆయనను స్మరించటం పరిపాటి అయింది. ఆయన అసలు పట్టుదల భూమి విలువ మీద. అందువల్ల ఆయన జీవితాన్ని రాజకీయ దృష్టితో ఒకసారి పరిశీలించటం అవసరమనిపించింది.

హోవర్డ్ 1850 జనవరి 29న లండన్ నగరంలో ఒక మిఠాయి వర్తకుని ఇంట జన్మించాడు. పల్లెటూరి బోర్డింగు పాఠశాలల్లో చదివిన చదువు పదిహేనో ఏట ముగిసింది. గుమాస్తాగా చేరి, తీరిక వేళల్లో స్వయంకృషితో షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు. ఆ విద్యే చివరిదాకా ఆయనకు కూడు పెట్టింది. 1871లో ఇద్దరు మిత్రులతో కలిసి అమెరికా వెళ్లి, నెబ్రాస్కా రాష్ట్రంలో ప్రభుత్వం సెటిలర్లకు ఉచితంగా ఇచ్చే భూమిలో వ్యవసాయానికి దిగాడు. లండన్ గుమాస్తాకు నాగలి అచ్చిరాలేదు. మరుసటి ఏడాదికే చికాగో చేరి న్యాయస్థానాల రిపోర్టరుగా కుదురుకున్నాడు. 1871 అక్టోబరు మహా అగ్నిప్రమాదంలో చికాగో నడిబొడ్డు కాలిపోయింది. బూడిదలోంచి ఆ నగరం తిరిగి లేస్తున్న సంవత్సరాల్లో ఆయన అక్కడ ఉన్నాడు. నగరాలు దైవనిర్మితాలు కావనీ, మనుషులు తలపెడితే వాటిని మొదటి నుంచి కట్టవచ్చుననీ ఆయన కళ్లారా చూశాడు.

1876లో స్వదేశానికి తిరిగి వచ్చి, బ్రిటిష్ పార్లమెంటు కమిటీల విచారణలను అధికారికంగా నమోదు చేసే గర్నీ సంస్థలో చేరాడు. పార్లమెంటు సమావేశాలు నడిచే రోజుల్లో మన రాజ్యసభ, లోక్‌సభల్లో కూడా మధ్యనున్న బల్ల వద్ద రిపోర్టర్లు కూర్చుంటారు. కొద్ది నిమిషాలకొకరు చొప్పున వంతులవారీగా వచ్చి, తల వంచుకుని వ్రాసుకుని వెళ్లిపోతారు. వారి అభిప్రాయం ఎవరూ అడగరు. పై గ్యాలరీలో కూర్చునే నావంటి పత్రికా విలేకరి తనకు నచ్చిన మాట ఏరుకోవచ్చు; ఆ బల్ల వద్ద ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు, ప్రతి మాటా వ్రాయవలసిందే. హోవర్డ్ అలా ఏళ్ల తరబడి మంత్రులనూ, ప్రతిపక్ష నాయకులనూ, రాచకమిషన్ల ముందు సాక్ష్యమిచ్చిన భూస్వాములనూ, కార్మిక నాయకులనూ విన్నాడు. లండన్ మురికివాడల గురించి ప్రతి పార్టీ విచారం వెలిబుచ్చేది. పల్లెలు ఖాళీ అయి జనం పట్నాలకు ఎగబడుతున్నారని అందరూ ఒప్పుకునేవారు. పరిష్కారం దగ్గరకు వచ్చేసరికి ఖర్చు ఎవరిది అన్న చోట చర్చ ఆగిపోయేది.

ఆయన ధనవంతుడు కాలేదు. 1879లో ఎలిజబెత్ ఆన్ బిల్స్‌ను పెళ్లాడాడు. ముగ్గురు కూతుళ్లు, ఒక కొడుకు. టైపు యంత్రాలకు మెరుగులు దిద్దటం, షార్ట్‌హ్యాండ్ వ్రాసే యంత్రం కనిపెట్టటం ఆయనకు ఒక వ్యసనంగా ఉండేది. సంపాదనలో చెప్పుకోదగిన భాగం ఆ ప్రయోగాలకే ఖర్చయిపోయేది. ఇంటి సరుకులకు తడుముకునే స్థితిలోనూ భర్త ఆలోచనలకు ఆ ఇల్లాలు అండగా నిలిచింది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో భూమి ప్రశ్న పెద్ద చర్చనీయాంశం. అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ జార్జి 1879లో ప్రచురించిన ప్రగతి-పేదరికం గ్రంథం ఉభయ ఖండాల్లో సంచలనం కలిగించింది. భూమి విలువ యజమాని కష్టం వల్ల పెరగదు, చుట్టూ సమాజం పెరగటం వల్ల పెరుగుతుంది, కనుక ఆ పెరుగుదలను పన్నుగా సమాజమే తీసుకోవాలన్నది ఆయన వాదన. మన పాఠకులకు దీన్ని విశదీకరించనవసరం లేదు. జాతీయ రహదారి పక్కన పొలం ఉన్న ప్రతి రైతుకూ ఈ శాస్త్రం తెలుసు. పొలం అదే, మట్టి అదే. బైపాస్ రోడ్డుకు సర్వే రాళ్లు పాతిన నాడు ఎకరం ధర రెట్టింపవుతుంది, రోడ్డు పడిన నాడు పదింతలవుతుంది. రోడ్డు ఖర్చు సర్కారుది, ధర పెరిగిన లాభం పట్టాదారుది. అంతకన్నా తరచుగా, పట్టాదారు వద్ద ముందే కొన్న మధ్యవర్తిది. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అర్థశాస్త్రజ్ఞులు దీనికి అనార్జిత వృద్ధి అని పేరు పెట్టారు.

ఈ వృద్ధిని ప్రభుత్వం పన్నుతో పట్టుకోవాలని జార్జి అంటే, హోవర్డ్ మరొక దారి ఆలోచించాడు. భూస్వాములతో నిండిన పార్లమెంటు అటువంటి పన్నును సులభంగా అంగీకరించదని, అక్కడే కూర్చుని వ్రాసుకున్న ఆయనకు తెలియనిది కాదు. నగరం పుట్టకముందే, వ్యవసాయ భూమి ధరకే, భూమి మొత్తాన్ని పౌరుల పక్షాన ధర్మకర్తలు కొనివేస్తే సరిపోతుందన్నాడు. తరువాత జనం వస్తారు, కర్మాగారాలు వస్తాయి, విలువ పెరుగుతుంది. పెరిగిన విలువ అద్దె రూపంలో నగరం ఖజానాకే చేరుతుంది. ఆ అద్దె నుంచే రోడ్లు, బడులు, నీటి సరఫరా. ఎవరి ఆస్తినీ జప్తు చేయనక్కరలేదు, ఎవరి మీదా కొత్త పన్ను వేయనక్కరలేదు.

1888లో వెలువడిన ఎడ్వర్డ్ బెలామీ ఊహానవలను చదివి హోవర్డ్ ఎంతో ఉత్తేజితుడయ్యాడు. దాదాపు పదేళ్లు తన పథకాన్ని చర్చా గోష్ఠుల్లో వినిపిస్తూ, దిద్దుకుంటూ వచ్చాడు. ప్రచురణకర్తలు ముందుకు రాకపోగా, ఒక మిత్రుడు సర్దిన యాభై పౌన్లతో 1898 అక్టోబరులో పుస్తకం అచ్చయింది. శాంతియుత మార్గంలో నిజమైన సంస్కరణ అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టాడు. 1902లో అదే పుస్తకం ఉద్యాన నగరాలు అన్న కొత్త పేరుతో వెలువడి లోక ప్రసిద్ధమయింది. పేరు మారటంతో పాఠకుల దృష్టి సంస్కరణ నుంచి ఉద్యానాలకు మళ్లిందని నా అభిప్రాయం.

ఆ పుస్తకంలో అంకెలకు పెద్ద పీట ఉంది. ఆరు వేల ఎకరాలు. అందులో వెయ్యి ఎకరాల్లో నగరం, చుట్టూ ఐదు వేల ఎకరాల్లో ఎన్నటికీ కట్టడాలకు ఇవ్వరాని సాగుభూమి. జనాభా 32 వేలు, దాటితే మరొక నగరం. ఎకరం 40 పౌన్ల చొప్పున భూమి వెల 2,40,000 పౌన్లు. ఆ మొత్తాన్ని నాలుగు శాతం వడ్డీకి అప్పు తెస్తే ఏటా వడ్డీ 9,600 పౌన్లు. 32 వేల మందికి పంచితే తలకు ఆరు షిల్లింగులు మాత్రమే. నగరవాసులు చెల్లించేది తలకు సగటున రెండు పౌన్లు. ఇల్లుకట్టిన నేలకు అద్దె, పురపాలక పన్ను రెండూ కలిసినదే ఆ మొత్తం. మొత్తం రాబడి 64,000 పౌన్లు. అందులో వడ్డీకి 9,600, అసలు తీర్చే నిధికి 4,400 పోగా, రోడ్లకూ పాఠశాలలకూ ఇతర ప్రజావసరాలకూ మిగిలేది 50,000. అసలు తీరిన తరువాత మిగులు మరింత పెరిగి వృద్ధాప్య పింఛన్లకు సైతం సరిపోతుందని ఆయన ఆశ. లండన్‌లో అయితే పౌరుడు భూస్వామికి అద్దె కట్టి, దాని మీద పురపాలక సంఘానికి వేరే పన్ను కట్టాలి. ఇక్కడ రెండూ ఒకే చేతికి, ఆ చెయ్యి తనదే.

పత్రికలు కొన్ని నవ్వాయి. సోషలిస్టుల్లో కొందరికి పార్లమెంటును జయించకుండా పొలంలో ఊరు కట్టటం పిల్లల ఆటగా తోచింది. బెర్నార్డ్ షా ఆయనను ఆటపట్టిస్తూనే ఉద్యమానికి చేయూతనిచ్చాడు. పొట్టి మనిషి, నలిగిన దుస్తులు, రూపంలో ఆకర్షణ ఏమీ లేదు. నోరు విప్పితే మాత్రం సభ కట్టుబడి వినేది. 1899లో ఒక సంఘం ఏర్పడింది. రాల్ఫ్ నెవిల్ అనే పేరుమోసిన న్యాయవాది అధ్యక్షత వహించగానే కర్మాగారాల యజమానులు, బ్యాంకర్లు కూడా చేరారు. 1903 సెప్టెంబరులో మొదటి ఉద్యాన నగర కంపెనీ రిజిస్టరయింది. లండన్‌కు ఉత్తరాన 35 మైళ్ల దూరంలో లెచ్‌వర్త్ వద్ద 3,818 ఎకరాలు సుమారు 1,55,000 పౌన్లకు కొన్నారు. వాటాదారులకు డివిడెండు ఐదు శాతం మించరాదు, మించిన లాభమంతా ఊరికి ఖర్చు చేయాలి అన్నది కంపెనీ నిబంధన. దాతృత్వమూ వ్యాపారమూ కలిసిన ఈ ఏర్పాటు అప్పటికి కొత్త.

పుస్తకంలోని లెక్కకూ నేల మీది లెక్కకూ తేడా అక్కడే బయటపడింది. మూలధనం మూడు లక్షల పౌన్లు అనుకుంటే వాటాలు నత్తనడకన అమ్ముడుపోయాయి. అద్దెలు రావాలంటే జనం రావాలి. జనం రావాలంటే ముందు రోడ్లూ నీళ్లూ కావాలి. అవి వేయాలంటే డబ్బు కావాలి. ఈ మధ్యకాలపు వడ్డీని ఎవరు మోయాలన్నది పుస్తకంలో తేలికగా దాటవేయబడిన ప్రశ్న. లెచ్‌వర్త్‌లో దానిని మోసినవారు వాటాదారులు. పదేళ్లపాటు వారికి ఒక్క పెన్నీ ముట్టలేదు. మొదటి డివిడెండు 1913లో వచ్చింది. పూర్తి ఐదు శాతం 1923లో మాత్రమే చెల్లించగలిగారు. వెనుకటి బకాయిలు పూర్తిగా తీరేసరికి 1946 వచ్చింది. అంటే నగరం తన ఖర్చు తాను భరించగలిగింది, కాని నలభై మూడేళ్లు పట్టింది.

రెండో చిక్కు లీజులది. పెరిగే విలువ ఊరికి చెందాలంటే నేల అద్దెను కొన్నేళ్లకొకసారి సవరించే హక్కు కంపెనీకి ఉండాలి. హోవర్డ్ పథకానికి ఇది ప్రాణం. కర్మాగారాల యజమానులూ, ఇళ్లకు అప్పులిచ్చేవారూ రేపు అద్దె ఎంతవుతుందో తెలియని నేల మీద పెట్టుబడి పెట్టబోమన్నారు. ఊరు నిండకపోతే దివాలా తప్పదని భయపడిన డైరెక్టర్లు మామూలు పద్ధతిలో 99 ఏళ్లకు స్థిరమైన అద్దెతో లీజులు ఇచ్చారు. తాను కనిపెట్టిన సూత్రం తన కళ్లముందే సడలించబడుతుంటే బోర్డులో హోవర్డ్ మాట చెల్లలేదు. లెక్కలు తెలిసిన వ్యాపారస్తుల నడుమ ఆయన క్రమంగా ప్రచారకుని స్థానానికి పరిమితమయ్యాడు. మూడో చిక్కు కార్మికులది. రేమండ్ అన్విన్, బ్యారీ పార్కర్ తీర్చిన ఇళ్లు ముచ్చటగా ఉన్నా, అడుగు వర్గాల కూలీలకు ఆ అద్దె అందలేదు. వారిలో పలువురు చుట్టుపక్కల ఊళ్లలో చౌకగా కాపురముండి సైకిళ్ల మీద పనికి వచ్చేవారు. నయా రాయపూర్‌లో ఇళ్లు ఊడ్చేవారూ, కాపలా కాసేవారూ ఎక్కడ నివసిస్తున్నారో విచారించిన నాకు ఈ విషయం తలపుకు రాక మానలేదు.

ఇన్ని లోటుపాట్లతో కూడా లెచ్‌వర్త్ నిలిచింది. 1903లో నాలుగైదు వందలుగా ఉన్న జనాభా 1914 నాటికి తొమ్మిది వేలకు చేరువయింది. అచ్చు యంత్రాలు, కర్మాగారాలు వచ్చాయి. నీరు, గ్యాసు, విద్యుత్తు కంపెనీయే సరఫరా చేసింది. హోవర్డ్ భార్య మాత్రం ఆ ఊరు ఎదగటం చూడలేదు. 1904లోనే ఆమె మరణించింది. 1907లో ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఊరంతా తన ఆలోచన అయినా, పొట్ట గడవటానికి లండన్ వెళ్లి షార్ట్‌హ్యాండ్ వ్రాయటం ఆయనకు తప్పలేదు. ఎస్పరాంటో భాష నేర్చి, సరిహద్దులు లేని ప్రపంచం గురించి ఉపన్యసించేవాడు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం లక్షల ఇళ్లు కావలసి వచ్చాయి. ప్రభుత్వమే ఉద్యాన నగరాలు కట్టాలని ఆయన అనుచరులు, ముఖ్యంగా యువకుడైన ఫ్రెడరిక్ ఆస్బర్న్, వాదించసాగారు. ప్రభుత్వం కదిలేదాకా ఆగితే తాను వంద సంవత్సరాలు బ్రతకవలసి వస్తుందని హోవర్డ్ నమ్మకం. 1919 మే నెలలో వెల్విన్ వద్ద ఒక ప్రభువు ఎస్టేటు వేలానికి వచ్చింది. ఎవరితోనూ సంప్రదించకుండా, మిత్రుల వద్ద అడిగి తెచ్చిన కొద్దిపాటి డబ్బుతో ఆ అరవై తొమ్మిదేళ్ల వృద్ధుడు వేలంలో పాల్గొని 1,458 ఎకరాలు 51,000 పౌన్లకు పాడాడు. బయానాకు తక్కువ పడిన సొమ్మును తన తరఫున పాట పాడిన ఏజెంటే సర్దాడు. ఇష్టమున్నా లేకున్నా అనుచరులు కంపెనీ పెట్టి ఆయనను గట్టెక్కించక తప్పలేదు. అలా రెండో నగరం మొలిచింది. 1921లో ఆయన అక్కడికే మకాం మార్చాడు. 1927లో సర్ బిరుదు లభించింది. 1928 మే 1న అక్కడే కన్నుమూశాడు. వెనుక వేసుకున్న ఆస్తి అంటూ దాదాపు ఏమీ లేదు. రెండు ఊళ్ల భూమిని కొనిపించినవాడు తన పేర ఎకరమైనా ఉంచుకోలేదు.

ఆయన మరణానంతర చరిత్ర కూడా మనకు పాఠమే. 1934లో వెల్విన్ కంపెనీ ఆర్థిక ఇబ్బందుల నెపంతో డివిడెండు పరిమితిని ఎత్తివేసింది. దానితో పెరిగిన విలువ ఊరికి చెందాలన్న నియమం అక్కడ పోయింది. 1946లో లేబర్ ప్రభుత్వం కొత్త పట్టణాల చట్టం చేసి, హోవర్డ్ పద్ధతిని ప్రభుత్వ కార్పొరేషన్ల ద్వారా అమలుపరచింది. వాటి దీర్ఘకాలిక రుణాలు సర్కారు ఖజానా నుంచి వచ్చాయి. 1948లో వెల్విన్ కూడా ఆ జాబితాలో చేరింది. లెచ్‌వర్త్‌కు మరొక ఆపద ఎదురయింది. బకాయిలు తీరి, భూమి బంగారమైన తరువాత, 1960 ప్రాంతంలో హోటల్ యార్క్ అనే సంస్థ వాటాలు కొని కంపెనీని వశపరచుకుంది. అరవై ఏళ్లు ఊరు కూడబెట్టిన విలువను ముక్కలుగా అమ్ముకుంటారేమోనన్న భయంతో ఊరివారు ఏకమై పార్లమెంటుకు వెళ్లారు. 1962లో ప్రత్యేక చట్టం వచ్చి, 1963 జనవరి నుంచి ఎస్టేటు ఒక ప్రజా కార్పొరేషన్ అధీనమయింది. 1995 నుంచి ఒక ధర్మసంస్థ దానిని నిర్వహిస్తున్నది. అద్దెల మిగులు నేటికీ ఆ ఊరి అవసరాలకే ఖర్చవుతున్నది. హోవర్డ్ ఏ పార్లమెంటు బల్ల వద్ద కూర్చుని నోరెత్తకుండా వ్రాసుకున్నాడో, ఆ పార్లమెంటే చివరకు ఆయన ఊరిని కాపాడవలసి వచ్చింది.

హోవర్డ్ ఆలోచనకు మన దేశంలో కూడా వారసత్వం ఉంది. ఆంధ్ర ప్రాంతానికి వర్తించిన 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టంలోనే, పథకం వల్ల విలువ పెరిగిన భూముల యజమానుల వద్ద బెటర్‌మెంట్ చందా వసూలు చేసే అధికారం ఉంది. కాగితం మీద ఉన్నంతగా వసూళ్లలో లేదు. నేను నివసించే ఢిల్లీలో 1961లో జరిగిన ప్రయోగం ఇంకా పెద్దది. నగరం చుట్టూ భూమిని కేంద్రం సేకరించి, ఐదు కోట్ల రూపాయల తిరుగు నిధితో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ద్వారా అభివృద్ధి చేసి, లీజు మీద ఇచ్చే విధానం అది. లీజుదారు స్థలాన్ని మరొకరికి బదలాయిస్తే అనార్జిత వృద్ధిలో సగం సర్కారుకు చెల్లించాలన్న షరతు కూడా పెట్టారు. హోవర్డ్ సంతోషించవలసిన షరతే. ఆచరణలో జరిగిందేమిటి? సంస్థ ప్లాట్లను జనం అవసరానికి సరిపడా ఇవ్వలేకపోయింది. షరతును తప్పించుకోవటానికి పవర్ ఆఫ్ అటార్నీ బదలాయింపులు పుట్టుకొచ్చాయి. అనధికార కాలనీలు వందల సంఖ్యలో వెలిశాయి. 1992లో లీజు ఇళ్లను పూర్తి హక్కుకు మార్చుకునే అవకాశం ఇచ్చారు. 2019లో 1,731 అనధికార కాలనీల వారికి యాజమాన్య హక్కుల పథకం ప్రకటించారు. భూమి తీసుకున్న గ్రామస్థునికి నాటి వ్యవసాయ ధర, ఆ భూమి వేలానికి వచ్చినప్పుడు నేటి నగర ధర. రెంటి మధ్య వ్యత్యాసం ప్రజలదే అన్నారు గాని, ఆ ప్రజల్లో భూమి ఇచ్చినవాడు లేకుండా పోయాడు.

హోవర్డ్ పథకంలో ఒక ముఖ్యమైన బలహీనత ఇక్కడే ఉన్నది. ఇంగ్లండులో ఆయన భూమి కొన్నది పెద్ద భూస్వాముల వద్ద. ఇష్టపడి అమ్మినవారు, అమ్మినా బ్రతకగలవారు. నయా రాయపూర్‌లో భూమి ఇచ్చినవారు రెండు మూడెకరాల వరి రైతులు. వారికి పొలమే జీతం, పొలమే పింఛను. వ్యవసాయ ధరకు కొని పెరిగిన విలువను నగరానికి అంకితం చేయటం ఒక ప్రభువు విషయంలో న్యాయం కావచ్చు. చిన్న రైతు విషయంలో అది అతని నోటి కూడు తీసి నగరం రోడ్లకు తారు పోయటం అవుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దే యత్నం మన తెలుగునాటనే జరిగింది. 2015లో అమరావతి కోసం 29 గ్రామాల రైతులు ముప్పై మూడు వేలకు పైగా ఎకరాలు భూసమీకరణ కింద ఇచ్చారు. నగదుకు బదులు మెట్ట భూమి ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామని, జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలని, పదేళ్లపాటు కౌలు చెల్లిస్తామని ఒప్పందం. అనార్జిత వృద్ధిలో రైతును భాగస్వామిని చేయటం మెచ్చదగిన ఏర్పాటు. అయితే అందులో రైతు లెచ్‌వర్త్ వాటాదారు స్థానంలో కూర్చున్నాడన్న సంగతి గమనించవలసింది. నగరం లేస్తే అతనికి లాభం, ఆగితే అతనికే నష్టం. 2019లో ప్రభుత్వం మారి, మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చి, నిర్మాణాలు ఆగిపోయినప్పుడు ఆ నష్టభయం నిజమయింది. 2024లో పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి సుమారు 80 కోట్ల డాలర్ల రుణాలు మంజూరు చేశాయి. లెచ్‌వర్త్‌లో పదేళ్లు డివిడెండు లేకపోతే వాటాదారు చిరాకుపడ్డాడు. తుళ్లూరు రైతుకు ప్లాటు రాకపోతే కూతురి పెళ్లి ఆగుతుంది.

ఈ జీవితకథ నుంచి నయా రాయపూర్ పాలకులూ, మన పాలకులూ తీసుకోదగిన పాఠాలు నాలుగున్నాయని నాకు తోస్తున్నది. కొత్త నగరం తెచ్చే భూవిలువే ఆ నగరపు రోడ్ల ఖర్చుకు న్యాయమైన ఆధారం. బస్తర్ గిరిజనుని పన్ను కాదు. ఆ విలువ చేతికి రావటానికి ఒక తరం పడుతుంది కనుక మధ్యకాలపు వడ్డీని ప్రభుత్వమే మోయాలి. 1946 తరువాత బ్రిటన్ చేసినది అదే. స్వల్పకాలిక బ్యాంకు రుణాలతో రోడ్లు వేసి, వాయిదా దగ్గరపడేసరికి స్థలాలను హడావుడిగా తెగనమ్మితే రేపటి విలువ కొన్నవాడి జేబులోకి పోతుంది. స్థలాలను వీలైనంత వరకు సవరించదగిన లీజుకే ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, భూమి ఇచ్చిన రైతుకు పెరిగిన విలువలో హక్కుగా వాటా ఉండాలి, అదే సమయంలో నగరం ఆలస్యమైనా ఆగని కనీస రాబడి హామీ ఉండాలి. లాభంలో భాగం ఇచ్చి, నష్టభారం మొత్తం కూడా అతని నెత్తిన పెట్టటం భాగస్వామ్యం అనిపించుకోదు.

వీటితో పాటు సరిహద్దుకు ఆవలి భూముల సంగతి ఉన్నది. నయా రాయపూర్ నుంచి పాత రాయపూర్‌కు పోయే దారి పొడవునా ప్రైవేటు లేఅవుట్ల బోర్డులు కనబడుతున్నాయి. ప్రజాధనంతో వేసిన రోడ్డు పక్కన వెలసిన ఆ ప్లాట్ల ధరలో ఆ రోడ్డు వాటా ఎంతో, అందులో ఖజానాకు తిరిగి వస్తున్నది ఎంతో లెక్క తీసి శాసనసభ ముందు పెట్టిన ప్రభుత్వం ఏ రాష్ట్రంలోనైనా ఉన్నట్లు నా దృష్టికి రాలేదు. హోవర్డ్ తన పథకాన్ని ఎనిమిదో తరగతి విద్యార్థికి అర్థమయ్యే కూడికలు, భాగహారాలతో ప్రజల ముందు ఉంచాడు. భూమికి ఎంత పెట్టారు, రోడ్లకు ఎంత, వడ్డీకి ఎంత, అమ్మకాల ద్వారా వచ్చినది ఎంత, రైతుకు చేరినది ఎంత అన్న ఐదు పద్దుల లెక్కను ఈ కొత్త శాసనసభా భవనంలో ఏటా ప్రవేశపెట్టటానికి చట్టం ఏదీ అడ్డు రాదు. అమరావతిలోనూ రాదు. ఆ కాగితం సభ ముందుకు వచ్చిన నాడు, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్నకు సమాధానం కోసం రైతులు కార్యాలయాల మెట్ల మీద నెలల తరబడి కూర్చోవలసిన అగత్యం ఉండదు.